తంబాకు, కండె, టెంక

సిరిసిల్లలో మా అక్క అత్తగారింటి ముందు అర్రలో కండెలు చుట్టే మిషన్ ఉంటుంది. దాని పక్కన గంపనిండా కండెలు. రోజుకొకసారైనా అందులోంచి ఒకదాన్ని నోట కరుచుకుని ఉరకడం వాళ్ల కుక్కకు ఆట. కండె దాని నోట్లో, దారం కొస ఏ మేకుకో చిక్కుకుని. అది వాకిలి దాటి, చేదబావి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, పక్కింటి అరుగెక్కేసరికి గల్లీ అంతా పడుగు పరిచినట్టవుతుంది. బావ మొదట్లో కట్టె పట్టుకుని వెంటబడేవాడు. కుక్కకు అది ఇంకా నచ్చింది. వెంటబడే మనిషి ఉంటేనే కదా ఆట.

కోరుట్లలో చిన్నమ్మది ఇంకో గోస. ఆమె బీడీలు చేస్తుంది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ మూలకు తంబాకు. ఒకే ఈతలో పుట్టిన రెండు కుక్కపిల్లలను ఎవరో తెచ్చిస్తే, విడదీస్తే పాపమని రెండింటినీ ఉంచుకుంది. ఒకటి ఎదురుగా వచ్చి తోక ఊపి ఆమె చూపు తన వైపు తిప్పుకుంటుంది. రెండోది వెనక నుంచి వచ్చి ఆకు కట్ట ఎత్తుకుపోతుంది. "దొంగలు గూడ గింత మంచిగ కూడబలుక్కోరు బిడ్డా" అంటుంది చిన్నమ్మ.

జగిత్యాలలో మా ఇంట్లోనూ రెండే. పెద్దది నాటు కుక్క, ఆడది. చల్‌గల్ మామిడి మార్కెట్ దగ్గర, సీజన్ నడుమ, వరిగడ్డి కుప్ప మీద కూర్చుని తన మూతి కన్నా పెద్దదైన టెంకను చీకుతుంటే తెచ్చుకున్నాం. పేరు కూడా అదే, టెంక. రెండోది లాబ్రడార్. మస్కట్ పోయే ముందు తమ్ముడు హైదరాబాద్ నుంచి తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టి పోయాడు. వాడు పెట్టిన పేరు బ్రూనో. అమ్మకు నోరు తిరగక బూరె అయింది. రంగు కూడా బూరె రంగే కాబట్టి ఎవరూ కాదనలేదు.

కుక్కల పెంపకం మీద చేతికందిన పుస్తకాలు కొన్ని చదివాను. అన్నీ పచ్చిక, కంచె, కార్పెట్ ఉన్న ఇళ్ల కోసం రాసినవే. బూట్లు దాచండి, సోఫాకు కవర్ వేయండి అంటాయి. కండెల గంప ఎక్కడ పెట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు. ఈ మూడిళ్లు చూశాక నాకు తట్టింది ఇది: కుక్క అల్లరికి దాని జాతి కన్నా ఇంటి పని ఎక్కువ రూపమిస్తుంది. ఇంట్లో మనుషుల చేతులు ఎక్కడ ఆడుతుంటే దాని మూతి అక్కడే ఉంటుంది. మనం రోజంతా ముట్టుకునే వస్తువుకు మన వాసన ఎక్కువ. దానికి కావలసింది ఆ వాసనే.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నా, ఈ మూడు వస్తువులూ ప్రాణం తీసేవే. దారం సంగతే తీసుకుందాం. మింగిన దారం కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, మిగతా పోగును పేగు తన అలవాటు ప్రకారం ముందుకు లాగుతూనే ఉంటుంది. లాగినకొద్దీ పేగే దారం మీదికి చీర కుచ్చిళ్లలా ముడుచుకుంటుంది. బిగిసిన పోగు లోపలి గోడను కోస్తుంది. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద ఎక్కువగా ఆడేది పాలిస్టర్, అది తెగేది కాదు, అరిగేది కాదు. కుక్క నోట్లోనో వెనకనో దారం వేలాడుతుంటే మన చెయ్యి ఊరుకోదు, లాగేస్తుంది. అదే చేయకూడనిది. లాగితే లోపల కోత పెరుగుతుంది. ఉన్నది ఉన్నట్టే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

తంబాకులో నికోటిన్ కుక్కకు విషం. చొంగ, వాంతులు, ఆ తర్వాత వణుకు, గుండె దడ, మోతాదు ఎక్కువైతే ఫిట్స్. ఇదంతా గంటలోపే మొదలవుతుంది. చిన్నమ్మ ఇంట్లో ఆకు కట్ట పోతే కూలి పోతుంది, తంబాకు డబ్బా దొర్లితే కుక్క పోతుంది. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు చిన్నది నేల మీది పొడి నాకి గోడకు ఒరిగి వణికితే, దిష్టి తగిలిందనుకుని మిరపకాయలు తిప్పిందట. అదృష్టం, అది కక్కేసి బతికింది. ఇప్పుడు తంబాకు మూత బిగించిన స్టీలు డబ్బాలో ఉంటుంది, చాట పని అయ్యాక అటక మీదికెక్కుతుంది.

ఇక టెంక. మామిడి గుజ్జు కొంచెం తింటే కుక్కకు నష్టం లేదు. టెంక మాత్రం చిన్నపేగులో అడ్డం పడుతుంది. తిన్నది కక్కడం, దొడ్డికి రాకపోవడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం దాని గుర్తులు. ఎక్స్‌రేలో కొన్నిసార్లు తేలదు, స్కానింగ్ చేయాల్సి వస్తుంది. మా ఇంట్లో టెంకను టెంక మింగలేదు, బూరె మింగాడు. నాటుది టెంకను రెండు కాళ్ల నడుమ పెట్టుకుని పీచు పీచుగా చీకి వదిలేస్తుంది. లాబ్రడార్‌కు నమలడం అనే ఘట్టం లేదు. రెండు రోజులు అమ్మ అన్నం ముట్టలేదు, వాడూ ముట్టలేదు. మూడో పొద్దున తులసి గద్దె పక్కన కక్కేశాడు. ఆ ఎండకాలం మా ఇంట్లో పండు తిన్నవాళ్లు టెంకలు లెక్కపెట్టి బకెట్లో వేసి మూత పెట్టాలని అమ్మ చట్టం చేసింది. చుట్టాలకూ మినహాయింపు లేదు.

*

మా చిన్నప్పుడు కుక్క గడప లోపలికి వచ్చేది కాదు. మిగిలిన గట్క, గంజి రాతి తొట్టిలో పోస్తే తాగి, రాత్రంతా గల్లీ కాసేది. దానికి ఒక్క యజమాని లేడు, పది ఇళ్లవాళ్లూ యజమానులే. మన పాత కథలు కుక్క విషయంలో ఎన్నడూ ఒక్క మాట మీద లేవు. ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. సుమతీ శతకకారుడు దాన్ని బంగారు గద్దె మీద కూర్చోబెట్టి మరీ వెక్కిరించాడు. వేమన దాని నోటికి చెప్పు అందించాడు. ఒగ్గు కథల మల్లన్న పక్కన మాత్రం అది దర్జాగా నిలబడి ఉంటుంది. గొర్ల కాపరుల దేవుడికి కుక్క విలువ తెలుసు.

గడప దాటించింది ఎక్కువగా గల్ఫ్ అని నా అనుకోలు. పాత కరీంనగర్ జిల్లా నుంచి దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ బాట పట్టినవాళ్ల పైసలతో స్లాబ్ ఇళ్లు లేచాయి. వాటికి ప్రహరీ, ఇనుప గేటు వచ్చాయి. గేటు లోపల మిగిలింది ముసలివాళ్లు, లేదా చిన్న పిల్లలతో ఒంటరి కోడలు. కాపలాకని వచ్చిన కుక్క వాకిట్లోంచి వరండాకు, వరండాలోంచి కూలర్ ముందుకు చేరింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతా ఆ జాతి వెంట పడ్డది, మన పట్నాలకూ ఆ గాలి తగిలింది. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాక ఊళ్లు ఇంకా మారాయి. ఇప్పుడు సాయంత్రం బయటికి వెళ్తే పొమేరియన్లు, షిట్జూలు, రాట్‌వైలర్లు, అప్పుడప్పుడు నాలుక వేలాడేసిన ఒక హస్కీ కనబడతాయి.

ఆ హస్కీని చూస్తే నాకు జాలి కన్నా కోపం ఎక్కువ వస్తుంది. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్కను మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలకు తెచ్చి, ఏసీ బిల్లు ఎక్కువైందని మేడ మీద కడతారు. మన నేలకు సరిపడ్డ జాతులు లేక కాదు. కర్ణాటక ముధోల్ వేటకుక్క, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై ఉన్నాయి. ముధోల్, రాజపాళయం కుక్కల మీద 2005లో తపాలా బిళ్లలు కూడా వేశారు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల కాపరుల వెంట తిరిగే జోనంగి ఉంది, మొహం నిండా ముడతలతో ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. వీటన్నిటి కన్నా ముందు, అడుగు బయట పెడితే పైసా ఖర్చు లేకుండా దొరికే నాటు కుక్క ఉంది. మా ఇంట్లో ఇవాళ్టిదాకా డాక్టరుకు పోసిన డబ్బులో టెంక వాటా పావలా, బూరె వాటా బారాణా.

వీధి పిల్లను ఇంటికి తెచ్చుకోవడంలో ఇంకో లెక్క కూడా ఉంది. కోల్‌కతాలోని ఐసర్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను వెంబడించి చూసి 2016లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం, ఈడుకొచ్చేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. చావుల్లో మూడింట రెండు వంతులకు దగ్గరగా మనుషుల కారణంగా జరిగినవే. చల్‌గల్‌లో గడ్డి కుప్ప మీద కూర్చున్నప్పుడు టెంక ముందున్న లెక్క అది.

*

ఇక అల్లరి దగ్గరికి వద్దాం, అసలు బాగోతం అక్కడే ఉంది.

కుక్క చెప్పు ఎందుకు కొరుకుతుందని వేమన అడగలేదు, కొరుకుతుందని మాత్రం చెప్పాడు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు. మూడో నెల దాటాక అవి ఊడుతూ, ఏడో నెల వచ్చేసరికి 42 గట్టి పళ్లు మొలుస్తాయి. ఆ నాలుగు నెలలూ చిగుళ్లు దురద. దేన్నయినా నమిలితే హాయి. తోలు చెప్పు మెత్తగా, చెమట ఉప్పుతో, ఇంటివాళ్ల వాసనతో ఉంటుంది. దానికి అంతకన్నా మంచి వస్తువు దొరకదు. తడి గుడ్డను ముడి వేసి చల్లబరిచి ఇస్తే సగం చెప్పులు బతుకుతాయి. మిగతా సగం గూట్లో పెట్టి తలుపేసుకోవడమే. ఇంట్లో అన్నీ కుక్కకు అందే ఎత్తులో పెట్టుకుని, అది ముట్టిందని తిట్టే ఇళ్లు చాలా చూశాను. మొదట్లో మాదీ అలాంటిదే.

పెద్దయ్యాక చేసే అల్లరి వేరు. లాబ్రడార్ జాలరి పడవల వెంట వలలు లాగిన కుక్కల వంశం, ఆ తర్వాత వేటగాడు కొట్టిన బాతును నోట కరుచుకుని తెచ్చే ఉద్యోగం చేసింది. ఇప్పుడు దానికి పడవా లేదు, బాతూ లేదు. అందుకే దండెం మీది తువ్వాలను లాగి, గంభీరంగా తెచ్చి అమ్మ పాదాల దగ్గర పెడుతుంది. అమ్మ దృష్టిలో అది దొంగతనం. బూరె దృష్టిలో డ్యూటీ. టెంక వంశం వేల ఏళ్లుగా ఊరి అంచున ఏరుకుని తిన్నది. దానికి మూత తీయడం వచ్చు, జాలి తలుపు గొళ్లెం మూతితో ఎత్తడం వచ్చు, పాల ప్యాకెట్‌ను చుక్క కారకుండా మోసుకుపోవడం వచ్చు. పొద్దున ఓ గంట నడిపించి, తినేదాన్ని గిన్నెలో పోయకుండా వాకిట్లో అక్కడక్కడా దాచి వెతుక్కోమంటే ఆ రోజు ఇంట్లో వస్తువులు క్షేమం. నడక తప్పిన రోజు తువ్వాలలు, ప్యాకెట్లు లేచిపోతాయి. కోరుట్లలోనూ సిరిసిల్లలోనూ అడిగాను, వాళ్ల లెక్కా ఇదే.

ఒకే ఇంట్లో రెండు కుక్కలంటే అల్లరి రెండింతలు కాదు, దాని తీరే మారిపోతుంది. ఒకటి ఉన్నప్పుడు దాని ప్రపంచం మనిషి. రెండు ఉంటే ఒకదానికొకటి ప్రపంచం. చిన్నమ్మ కుక్కపిల్లల్లాగా ఒకే ఈతవి, ఒకే ఈడువి అయితే ఇది మరీ ఎక్కువ. శిక్షకులు దీనికి లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. రోగం పేరులా వినబడుతుంది గానీ వైద్యులు ఒప్పుకున్న రోగమేం కాదు, అనుభవం మీద పుట్టిన మాట. పిలిస్తే మనవైపు కాక ఒకదానివైపు ఒకటి చూసుకోవడం, విడదీస్తే ఊళ పెట్టడం, పెద్దయ్యాక ఒకదాని మీద ఒకటి పడడం ఇందులో చెబుతారు. విరుగుడు కూడా చిన్నదే: రోజూ కాసేపు విడివిడిగా నడిపించడం, విడివిడిగా పిలవడం, వేరే వేరే చోట్ల అన్నం పెట్టడం. మనిషి ఒక్కరు, గొలుసులు రెండు, బీడీల చాట ఎదురుచూస్తుంటే అంత తీరిక ఎక్కడిది? చిన్నమ్మ తన పద్ధతిలో తోవ తీసింది. పొద్దున పాలకు పోతూ ఒకదాన్ని, సాయంత్రం బీడీలు అప్పజెప్పడానికి పోతూ ఇంకోదాన్ని వెంట తీసుకుపోతుంది. ఏ శిక్షకుడూ దీనికన్నా బాగా చెప్పలేడు.

రెండింటి మధ్య కుళ్లు ఉంటుందా? ఉంటుందని చెప్పడానికి నాకు పరిశోధన అవసరం లేదు. నేను బూరె చెవి గోకితే టెంక మధ్యలో తల దూరుస్తుంది. అయినా చేసినవాళ్లున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో క్రిస్టీన్ హారిస్, కరోలిన్ ప్రూవోస్ట్ 36 కుక్కల ముందు వాటి యజమానులతో తోక ఊపే బొమ్మ కుక్కను ముద్దు చేయించారు. కుక్కలు యజమానిని నెట్టాయి, బొమ్మకూ మనిషికీ నడుమ దూరాయి, కొన్ని బొమ్మను కొరకబోయాయి. యజమాని పుస్తకం చదువుతుంటే మాత్రం అంత పట్టించుకోలేదు. 2014లో అచ్చయిన ఈ సంగతి అమ్మకు చెబితే, "గది తెల్వదానికి అమెరికా దాకా పోవాల్నా" అంది.

ఇంకో పరిశోధన మాత్రం మా ఇంట్లో ఒక తప్పుడు తీర్పును కొట్టేసింది. ఒకసారి వేములవాడ వెళ్లి రాత్రికి తిరిగొచ్చేసరికి బూరుగు దూది పరుపు చిరిగి అర్ర అంతా తెల్లగా ఉంది. బూరె తోక కాళ్ల సందున పెట్టుకుని, చెవులు వాల్చి, కళ్లు పక్కకు తిప్పుకుని నేలకు కరుచుకుపోయాడు. టెంక ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని వచ్చి చెయ్యి నాకింది. తిట్లు బూరెకు పడ్డాయి. తెల్లారి చూస్తే దూది టెంక పడుకునే గోనె సంచి నిండా ఉంది, బూరె మూతి మీద పోగు కూడా లేదు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో చేసిన ప్రయోగం ఇదే చెబుతుంది. ఆ 'తప్పు చేసిన మొహం' చేసిన పనికి రాదు, యజమాని కోపానికి వస్తుంది. ఏ తప్పూ చేయకుండానే తిట్లు తిన్న కుక్కలే ఆ మొహం ఎక్కువ పెట్టాయి. మా బూరె మెత్తటివాడు, గొంతు పెరగడంతోనే ముడుచుకుపోతాడు. టెంకకు గల్లీ ధైర్యం. ఇంట్లో రెండు కుక్కలున్నవాళ్లు మొహాలు చూసి తీర్పులు చెప్పకపోవడం మంచిది. గంటల తర్వాత కొట్టే దెబ్బ ఏ పనికో కుక్కకు అర్థం కాదు. దానికి అర్థమయ్యేది ఒక్కటే, తలుపు తీసుకుని వచ్చే మనిషి కొడతాడని.

*

తిండి దగ్గర ప్రతి ఇంట్లోనూ రెండు పార్టీలు. ప్యాకెట్ గింజలు పెట్టాలనే పిల్లలు, ఇంత అన్నం పెరుగు కలిపి పెడితే సరిపోదా అనే పెద్దలు. ఉత్త పెరుగన్నం సరిపోదు, కుక్కకు మాంసకృత్తులు కావాలి. అలాగని ప్యాకెట్టే శరణ్యం కూడా కాదు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి, గుడ్డు, అన్నం లేదా గట్క, ఇంత గుమ్మడికాయ చాలా కుక్కలకు పడతాయి. మనం తినేది కొంచెం పెడితే ఏమవుతుందనే చోటే చిక్కు. మా వంటలన్నిట్లోనూ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉంటాయి. అవి కుక్క రక్తంలో ఎర్ర కణాలను పగలగొడతాయి. పచ్చిపులుసు అన్నం దానికి రుచి కాదు, ముప్పు.

దసరా మర్నాడు గల్లీ నిండా బొక్కలుంటాయి. పచ్చి బొక్క కొంత నయం గానీ ఉడికిన బొక్క, అందులోనూ కోడిది, సూదుల్లా చీలుతుంది. ఇక మా ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం గల్ఫ్ నుంచి వచ్చిన సూట్‌కేసు. అది తెరిచిన రోజు ఇల్లంతా పండుగే. చాక్లెట్ డబ్బాలు, ఖర్జూరాలు, కిస్‌మిస్‌లు చాప మీద పరుచుకుని ఉంటాయి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లో త్వరగా కరగదు, గుండెను ఉరికిస్తుంది. నల్లటి చేదు చాక్లెట్ అయితే మరీ. కిస్‌మిస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. పిల్లవాడు ముద్దుగా పంచిపెట్టేవి సరిగ్గా ఇవే. జ్వరంగా ఉందని మన పారాసిటమాల్ సగం గోళీ వేసేవాళ్లూ ఉన్నారు, అది కూడా విషమే.

ఎండాకాలం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, చేయాల్సిందే ఉంది. కుక్కకు చెమట పాదాల్లోనే. మిగతా వేడిని నాలుకతోనే పోగొట్టుకోవాలి. దాని ఒళ్లు మామూలుగానే 101, 102 ఫారెన్‌హీట్ ఉంటుంది. పొద్దున ఆరు లోపల, రాత్రి ఎనిమిది తర్వాతే నడక. రోడ్డు మీద మన చెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదం కూడా ఆనదు. బొచ్చు గీకేస్తే చల్లగా ఉంటుందని సెలూన్ కత్తి పట్టేవాళ్లున్నారు. రెండు పొరల బొచ్చున్న కుక్కకు అది గొడుగు, ఎండకాలం గొడుగు తీసేయడమే ఆ పని. మా ఇంట్లో ఏప్రిల్ నుంచి రంజన్ పక్కనే ఇంకో గోలెం ఉంటుంది. బూరె అందులో తాగడు, కూర్చుంటాడు. తాగే నీళ్లకు టెంక రంజన్ మూత తీసుకుంటుంది.

*

రోగాల్లో ముందు చెప్పాల్సింది పార్వో. 1978 ప్రాంతంలో ప్రపంచానికి తెలిసిన ఈ వైరస్ ఆరు వారాల నుంచి ఆరు నెలల పిల్లలను రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. నేల మీద నెలల తరబడి బతుకుతుంది కాబట్టి ఒక పిల్ల పోయిన వాకిట్లోకి వెంటనే ఇంకోదాన్ని తెచ్చుకుంటే అదీ పోతుంది. ఆరో ఎనిమిదో వారానికి మొదలుపెట్టి రెండు మూడు మోతాదులు టీకా వేయించాలి. షాపుల్లో సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని అడిగేది దాన్నే. వానాకాలం తర్వాత గోమార్లు. చెవిలోపల, వేళ్ల సందుల్లో చూడాలి. అవి రక్తం తాగడంతో ఆగవు, జ్వరాన్ని ఎక్కిస్తాయి. కుక్క డీలాపడి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే అనుమానించాలి. రక్త పరీక్షతో తేలుతుంది, మందు ఉంది.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉండడం మా అదృష్టం. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. గేదెలు, గొర్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్ల నడుమ ఇప్పుడు బుట్టల్లో, ఆటోల్లో, బైకు ముందు ట్యాంకు మీద కూర్చుని కుక్కలు కూడా వస్తుంటాయి. బర్రె యజమాని ఒకాయన బూరెను చూసి, "పాలిత్తదా, పెండేత్తదా? దీనికేందే గింత ఖర్సు" అని అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. ఆయన మాత్రం తన వంతు వచ్చేదాకా దాని తల నిమురుతూనే ఉన్నాడు.

రేబిస్ దగ్గర మాత్రం నవ్వులాట లేదు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా భారతదేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెంపుడు కుక్క కాబట్టి ఏమీ కాదనుకోవడం, ఆటలో పన్ను గీసుకుంటే సున్నం రాసి ఊరుకోవడం మా ఊళ్లలో మామూలు. గీరుకున్నా రక్తం చిమ్మినా ముందు చేయాల్సింది సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగడం. పసరు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. తర్వాత టీకా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం ఇంకా ఉంది. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత మందును దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు చేతికే, నాలుగైదు మోతాదులు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. కరిచిన కుక్క ఇంటిదైతే పది రోజులు కట్టి చూడమంటారు. అది చూడడం వరకే, టీకా మొదలుపెట్టడానికి ఆ పది రోజులు ఆగకూడదు. కుక్కకు మూడో నెలలో మొదటి రేబిస్ టీకా, ఆపైన ఏటా ఒకటి. కార్డు జాగ్రత్త.

*

చట్టం కొన్ని చోట్ల నవ్వు తెప్పిస్తుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోతే అది నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై పెరగలేదు. ఆకలితో మాడేలా కుక్కను ఎక్కడో వదిలేసి రావడం కూడా అదే సెక్షన్‌లో నేరమే. మన కుక్క వల్ల ఇంకొకరికి ప్రమాదం జరిగేలా నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు ఉత్తరం రాస్తే, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. వీధి కుక్కల గురించి సుప్రీంకోర్టులో 2025 ఆగస్టులో ఎంత గొడవైందో అందరికీ తెలుసు. మొదట ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు, పదకొండు రోజులకే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషన్, టీకా చేసి పట్టినచోటే వదలమంది. రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉన్నవి మాత్రం వదలొద్దని చెప్పింది. ఆ రోజుల్లో టెంకను నడిపిస్తుంటే దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. దాని మెడలో పట్టా లేకపోతే అది వీధి కుక్కే కదా.

చట్టం కన్నా గల్లీలో పెద్ద కోర్టు పొరుగువాళ్లు. మా అమ్మకు మంగళ, శనివారాలు మడి. పక్కింటి చాచాకు కుక్క ఎంగిలి బట్టకు తగిలితే నమాజుకు ముందు ఆ బట్ట కడుక్కోవాలి. అమ్మ పూజకూ చాచా నమాజుకూ తడి ముక్కుతో సిద్ధంగా ఉండేవాడు మాత్రం బూరె ఒక్కడే. చాచా ఎన్నడూ గొంతు పెంచలేదు. ఒకరోజు పొద్దున గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఐదు పూటలు నా టైము నీకు ఎరుకే కద, ఆ పది నిమిషాలు గొలుసు వేస్తే నీ పేరు చెప్పుకుంట" అన్నాడు. అప్పటి నుంచి అజాన్ వినబడగానే అమ్మ వాడిని లోపలికి పిలుస్తుంది. ఇప్పుడు పిలవాల్సిన పని కూడా లేదు. అజాన్ మొదలవగానే బూరె తనంతట తానే వెళ్లి వంటింటి గడప దగ్గర కూర్చుంటాడు. అక్కడ కూర్చుంటే ఒక బిస్కెట్ పడుతుందని వాడికి తెలుసు. మసీదు మైకుకూ బిస్కెట్‌కూ ముడి పెట్టుకున్న కుక్క లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో.

మొన్న శుక్రవారం మస్కట్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. వాడికి అది సెలవు రోజు. అమ్మ ఫోన్‌ను చెంబుకు ఆనించి నిలబెట్టింది. "అరే బ్రూనో" అన్నాడు వాడు. ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు, అయినా బూరె చెవులు నిక్కాయి. ఫోన్ ముందు కూర్చుని తల అటు వంచి ఇటు వంచి చూశాడు. టెంక ఫోన్ వెనక్కి వెళ్లి, గోడకూ చెంబుకూ నడుమ మూతి పెట్టి, మనిషి ఎక్కడ దాక్కున్నాడో వెతికింది. దొరకలేదు. చెంబు ఒరిగింది, ఫోన్ బోర్లా పడింది. అమ్మ కళ్లద్దాలు వెతుక్కునేలోపు ఒకటి కవర్‌ను నోట కరుచుకుంది, ఇంకోటి ఫోన్‌ను నోట కరుచుకుంది. "అమ్మా, అంత చీకటైంది, కరెంటు పోయిందా?" అని లోపల్నుంచి తమ్ముడు అడుగుతూనే ఉన్నాడు, బూరె నోట్లో, వాకిలి దాటుతూ.